ఏడుపుల బాలి

మనిషికి పేరు ఎందుకు వస్తుందో చెప్పలేం. రాళ్లవాగు తండా బాలికి ఏడుపు వల్ల వచ్చింది.

పదిహేడేళ్ళ పిల్ల. ఖమ్మంలో సర్కారు హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. చూడ్డానికి చీపురుపుల్లలా ఉంటుంది. నోరు తెరిచి రాగం తీసిందంటే మాత్రం పెళ్ళికొచ్చినవాళ్ళు కొంగులు, తువ్వాళ్ళు, ఆఖరికి బిర్యానీ ప్లేట్ల పక్కన పెట్టిన కాగితపు రుమాళ్ళు కూడా వెతుక్కోవలసిందే. ఖమ్మం నుంచి భద్రాచలం పోయే దారిలో, అడవి మొదలయ్యే చోట ఉన్న తండాల్లో ఎక్కడ పెళ్ళి కుదిరినా, ముహూర్తం తర్వాత అడిగే మాట "బాలికి చెప్పిండ్రా?" అన్నదే.

తెలియనివాళ్ళ కోసం చెబుతాను. లంబాడీల పెళ్ళిలో పెళ్ళికూతురు ఊరికే కళ్ళొత్తుకుంటే కుదరదు. తండ్రి మెడ, తల్లి మెడ, మేనమామ మెడ, అన్న మెడ, వరసగా ఒక్కొక్కరి మెడా కావలించుకుని, ఆ మనిషికి తగ్గ మాటలు కట్టి, రాగం తీసి ఏడవాలి. దాన్ని ఢావ్లో అంటారు. వెనకటి ఆడపిల్లలు ముసలమ్మల దగ్గర కూర్చుని నేర్చుకునేవాళ్ళు. ఇప్పటి పిల్లలకు అంత తీరికెక్కడిది? ఒకామె బీటెక్, ఒకామె బ్యాంకు పరీక్ష. పైగా కంటికి వేసిన రంగు చెరిగిపోతుందని భయం. అందుకని పక్కన నిలబడి, ముందు తాను ఎత్తుకుని, పెళ్ళికూతుర్ని మెల్లగా ఏడుపులోకి దించే మనిషి ఒకరు కావాలి. ఇదివరకు ఆ పని బాలి నాయనమ్మ కమ్లిది. కమ్లికి పళ్ళూడి రాగం జారిపోయాక మనవరాలికి వచ్చింది.

ఇంతవరకూ అందరికీ తెలుసు. తెలియనిది ఒకటుంది. బాలి ఏ పెళ్ళికూతురి కోసమూ ఏడవలేదు. ఇంజనీరుగారబ్బాయి వీరబాబు కోసం ఏడ్చింది.

ఇంజనీరు దస్రు కూడా ఈ తండావాడే. బాలి నాన్న బద్యా, అతనూ కలిసి అడవిలో తునికాకు కోసినవాళ్ళే. దస్రు చదువుకుని ఇంజనీరై, ఖమ్మం అంచున ఖానాపురం హవేలిలో రెండంతస్తుల ఇల్లు కట్టాడు. బద్యా తండాలోనే ఉండి, దస్రు కొన్న మిరప చేను కౌలుకు చేస్తున్నాడు. ఒకప్పుడు "ఒరే దస్రూ" అని పిలిచిన నోటితోనే ఇప్పుడు "సార్" అంటాడు. దస్రు కూడా వద్దనడు.

కిందటి శ్రావణంలో తీజ్ పండక్కి ఇంజనీరు కుటుంబం కారులో దిగింది. తీజ్ అంటే పెళ్ళికాని పిల్లల పండగ. బుట్టల్లో గోధుమ నారు పెంచుతారు, నీళ్ళు పోస్తారు, పాడతారు, ఆడతారు. అందులో ఒక ఆట ఉంది. రేగు కంప ముళ్ళకు నానబెట్టిన శనగలు గుచ్చాలి. గుచ్చుతున్నంతసేపూ వరసకు బావలయ్యే కుర్రాళ్ళు పిల్ల చెయ్యి పట్టి ఊపుతుంటారు. ముల్లు దిగినా పిల్ల "అబ్బా" అనకూడదు. బాలి వంతు వచ్చేసరికి తెల్ల బూట్లు వేసుకుని ఓ పక్కగా నిలబడ్డ వీరబాబును తండా కుర్రాళ్ళు ముందుకు తోశారు. అతను ఆమె మోచేయి పట్టుకుని, నిండా నీళ్ళున్న గ్లాసును పట్టుకున్నంత భద్రంగా ఊపాడు. ఒక్క శనగ రాలలేదు. పట్నం పోరడికి ఒంట్లో బలం లేదని ముసలాళ్ళు నవ్వారు. బాలి వేరేగా అర్థం చేసుకుంది.

ఆ తర్వాత ఖమ్మంలో వాళ్ళిద్దరూ కలుసుకున్న చోటు ఏదో చెబితే మీకు నవ్వొస్తుంది. షేర్ ఆటో. బస్టాండు నుంచి ఖానాపురం హవేలికి, మళ్ళీ ఖానాపురం హవేలి నుంచి బస్టాండుకి. పార్కులో కూర్చుంటే చూసేవాళ్ళుంటారు, హోటల్లో కూర్చుంటే ఏదో ఒకటి తినమంటారు. షేర్ ఆటోలో ఇరుక్కుని కూర్చోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. "జరుగమ్మా, ఇంకొకరు పడతరు" అని డ్రైవరే దగ్గరగా జరిపిస్తాడు. ఆదివారాలు హాస్టల్ గేటు తీసిన కాసేపూ వాళ్ళు అలా ఊరేగారు. జామకాయలు తిన్నారు, ఇయర్‌ఫోన్ చెరొక చెవిలో పెట్టుకున్నారు, కెమిస్ట్రీ గురించి అబద్ధాలు చెప్పుకున్నారు. అంతకు మించి ఏమీ జరగలేదు. బాలికి అదే చాలా ఎక్కువగా ఉండేది.

బాలి సెలవులకు ఇంటికొస్తే వీరబాబు ఫోన్ చేసేవాడు. బాలికి సొంత ఫోను లేదు. తల్లి ఫోనులో అతని నంబరును "గ్యాస్ బుకింగ్" అని దాచింది. ఫోను మోగితే తల్లి, తెర మీద పేరు చూసి, గ్యాస్ సంగతి చదువుకున్న పిల్లే మాట్లాడాలని బాలి చేతికిచ్చేది. బాలి ఇంటి వెనక చింతచెట్టు కిందికి పోయి అరగంట గ్యాస్ గురించి మాట్లాడి వచ్చేది.

"మంచోళ్ళు గ్యాసోళ్ళు. దినాం అర్సుకుంటరు" అనేది తల్లి.

"సిలిండరైతే రాదు" అనేది మూలనుంచి కమ్లి.

ఒక ఆదివారం ఖానాపురం హవేలిలో ఆటో ఆగేసరికి ఎదురుగా వీరబాబు తల్లి పుష్పలత కూరగాయల సంచితో నిలబడి ఉంది. ఇద్దరూ పక్కపక్కనే దిగారు. ఎవరీ అమ్మాయి అని ఆమె మామూలుగానే అడిగింది, కోపంగా కూడా కాదు. వీరబాబు ముఖం పిండిలా తెల్లబడింది.

"మన తండా పిల్లనే మమ్మీ. బద్యా వాళ్ళ బిడ్డ. నాకు చెల్లె అయితది" అన్నాడు.

వేరేవాళ్ళకు ఇది చిన్న మాటే. కాలేజీల్లో అబ్బాయిలు రోజూ ఎవరో ఒకరిని చెల్లి అంటూనే ఉంటారు. లంబాడీలకు అది ఊరికే అనేసే మాట కాదు. ఫలానా ఇంటిపేరువాళ్ళు అన్నదమ్ములు, ఫలానావాళ్ళు వియ్యానికి తగినవాళ్ళు అని పుట్టకముందే ఖాయమై ఉంటుంది. బాలికి వీరబాబు బావ వరస. అందుకే ఆ రోజు రేగు కంప దగ్గర చెయ్యి పట్టి ఊపాడు. అలాంటివాడు "చెల్లె" అన్నాడంటే దాటి రాలేని గోడ కట్టేసినట్టే. పుష్పలత పట్నంలో పుట్టి పెరిగిన మనిషి, తండా వరసలు ఆమెకు తెలియవు. కొడుకు మాట నమ్మి తెగ సంతోషించింది. చెల్లెలైతే ఇంటికి రాదేమని మందలించింది. పక్కనే ఉన్న ఇంటికి తీసుకుపోయి, గుమ్మం దగ్గరే నిలబెట్టి, తన కూతురు కళ్యాణి వేసి వదిలేసిన చుడీదార్లు ఒక కవర్లో పెట్టిచ్చింది. బాగా చదువుకొమ్మని తల నిమిరింది. వరసకు అత్త కావలసిన ఆమెతో బాలి "థాంక్స్ మేడం" అని, కవరు పట్టుకుని హాస్టల్‌కి నడిచిపోయింది. ఆటో ఎక్కబుద్ధి కాలేదు.

ఆ తర్వాత గ్యాస్ బుకింగ్ మోగలేదు.

బాలికి గుండె పగిలింది. అదేమో సినిమాలో అయినంత సులువుగా బయటికి చెప్పుకునేది కాదు. ఏడవడానికి చోటు కావాలి కదా. హాస్టల్లో ఒక్కో గదికి బోలెడంత మంది, బాత్రూం ముందు బకెట్ల వరస. తండాలో ఒకటే గది, పక్కన నాయనమ్మ. దుప్పటి ముసుగేసుకుంటే జ్వరమా అని నుదురు తడుముతుంది. అడవిలోకి పోయి ఏడుద్దామంటే మేకలు కాసేవాళ్ళు. ఎవరికైనా చెప్పుకుందామంటే, నాన్న కౌలు చేసే చేను వాళ్ళది. ఇంజనీరు కొడుకు మీద కన్నేసిందని పేరు పడితే తండాలో తల ఎత్తుకోలేం. అందుకని మాఘమాసం వచ్చేదాకా ఏడుపును దిగమింగింది.

మాఘంలో మేనమామ కూతురి పెళ్ళి. కమ్లి దగ్గుతూ, నువ్వు కొంచెం అందుకో బిడ్డా అని మనవరాలిని పక్కన నిలబెట్టుకుంది. తండ్రి మెడ అయింది, తల్లి మెడ అయింది. అన్న మెడ దగ్గరికి వచ్చేసరికి బాలి పాట ఎత్తుకోవలసి వచ్చింది. ఢావ్లోలో అన్నను పిలిచే పాత మాట ఒకటుంది, "వీరా" అని. బాలి నోరు తెరిచి "వీరా" అంది.

ఆ మాట తన నోటినుంచి వచ్చాక గాని ఆమెకు తట్టలేదు. ఇంతమంది ముందు, మైకులో, అతని పేరు పెట్టి గొంతు చించుకుని ఏడవచ్చు. ఒక్కరూ కాదనరు. మెచ్చుకుంటారు కూడా. "వీరా, ఓ వీరా, నన్ను నడి దారిల ఇడిసిపెట్టి పోతివా" అని ఆ పిల్ల అందుకుందంటే తండా తండా గొల్లుమంది. డీజే కుర్రాడు పెట్టె ఆపేసి కళ్ళు తుడుచుకున్నాడు. పెళ్ళికొడుకు తరఫువాళ్ళు, పిల్లను మాకిస్తున్నరా, పులికిస్తున్నరా అని నొచ్చుకున్నారు. ఏడుపు అయిపోయాక బాలి తేలికపడి, రెండు ప్లేట్ల మటన్ తిని, హాయిగా నిద్రపోయింది.

ఇక చూసుకోండి. ఆ ముహూర్తాల్లో బాలి వదిలిన పెళ్ళి లేదు. తండ్రి మెడ మీద మామూలుగా, మేనమామ మెడ మీద మర్యాదగా ఏడ్చేది. అన్న మెడ దగ్గర మాత్రం వరద. ముక్కూ మొహం తెలియని అన్నలు ఎందరో ఆ సంవత్సరం తమ చెల్లెళ్ళకు తమ మీద ఇంత ప్రేమ ఉందా అని ఆశ్చర్యపోయారు. ఒకతను అప్పటికప్పుడు చెల్లెలికి పాడి బర్రెను రాసిచ్చాడు. పెళ్ళి లేని వారం బాలికి ఏమీ తోచేది కాదు.

వైశాఖంలో తండాలోకి తెల్ల కారు వచ్చింది. దిగింది దస్రు. కళ్యాణికి పెళ్ళి కుదిరింది. అమ్మాయి బ్యాంకు మేనేజరు, అబ్బాయి డాక్టరు. హైదరాబాదు నుంచి పెద్దవాళ్ళు వస్తున్నారు కాబట్టి అంతా మన పాత పద్ధతిలో, వీడియోలో కనబడేట్టు జరగాలని పుష్పలత పట్టుబట్టిందట. కళ్యాణికేమో ఏడుపు రాదు. కమ్లమ్మ వచ్చి నేర్పాలి.

"నాకేడ వస్తదిరా దస్రూ గొంతు. మా పోరిని తోల్కపో" అంది కమ్లి.

బాలికి వీరబాబు మెడ గుర్తొచ్చింది. ఆ మెడ! ఆ ఒక్క మెడ మీద తాను ఏడిస్తే అతనికి తెలిసిపోతుంది, ఇన్నాళ్ళూ ఎవరి కోసం ఏడ్చిందో. చెల్లె అన్నవాడి ముందు ఒక్క చుక్క రాల్చనని ఆటో దిగిన రోజే ఒట్టు పెట్టుకుంది. ఆమెకు మిగిలిన పరువల్లా ఆ ఒట్టే. పోనంటే ఎందుకు పోవని నాయనమ్మ అడుగుతుంది. పరీక్షలని చెబుదామంటే పరీక్షలు అయిపోయాయి. పోవలసి వచ్చింది.

ఖానాపురం హవేలిలో మేడ మీద హాల్లో రిహార్సల్ పెట్టారు. ఈసారి గుమ్మం దాటనిచ్చారు, చెప్పులు కింద వదలమన్నారు, అంతే. కళ్యాణి మంచి పిల్ల, గర్వం లేదు. కాని తండ్రి మెడ పట్టుకోగానే కితకితలు పెట్టినట్టు నవ్వేది. అందరూ నవ్వారు. ఫోనులో ఏడుపు పాట పెట్టుకుని పెదాలు కదుపుతానంది. కమ్లి ఒక మూల గోడకు ఆనుకుని వక్క నములుతూ చూస్తోంది.

ఇలా కాదని పుష్పలత ముందుకొచ్చింది. "బాలీ, నువ్వొకసారి చేసి సూపియ్యి. అన్నదమ్ముల దగ్గర ఎట్ల ఏడుస్తరో అది సూపియ్యి. వీరా, ఇటు రా. నీ చెల్లెనే గదా."

వీరబాబు వచ్చి కరెంటు స్తంభంలా నిలబడ్డాడు. బాలి అతని మెడ చుట్టూ చేతులు వేసింది. కొబ్బరి నూనె, ఆటోలో పక్కన కూర్చున్నప్పటి అదే సబ్బు వాసన. నోరు తెరిచింది. "వీరా" అన్న మాట బయటికి రాలేదు. మళ్ళీ ప్రయత్నించింది. రాగం వచ్చింది కాని ఎండిపోయిన బావిలో చేద వేసినట్టు వచ్చింది. కళ్ళు పొడిగా ఉన్నాయి. రేగు ముల్లు దిగినా "అబ్బా" అనకూడదని నేర్చుకున్న పిల్ల, అనలేదు. "బాలీ" అని అతను ఏదో అనబోయాడు. ఆమె అప్పటికే చేతులు తీసేసింది.

హాలంతా చప్పబడిపోయింది. ఈ పిల్లేనా అంత పేరున్నది అని పుష్పలత భర్త వంక చూసింది. కొత్త చోటు కదా, పెళ్ళిరోజు చూడండి అని కమ్లి సర్దిచెప్పింది. చెబుతున్నంతసేపూ మనవరాలి ముఖమే చూస్తోంది.

తిరుగు బస్సు అడవిలోకి వచ్చింది. ముసలామె వక్క ఉమ్మేసి, ఏదో ధర అడిగినంత మామూలుగా అడిగింది.

"గ్యాసోళ్ళు ఫోన్ జేసుడు ఎప్పుడు బంద్ జేసిండ్రు బిడ్డా?"

బాలి కిటికీ వైపు తిరిగి టేకుచెట్లు లెక్కపెట్టసాగింది.

"ఎవ్వని మెడ దొరికినా ఏడ్చేదానివి. ఒక్కని మెడ మీదనే ఏడ్వలే. నాకు కండ్లు మసకనే గని చెవులు మంచిగనే ఉన్నయి. రేగు కంప కాడ వాడు నిన్ను ఎట్ల ఊపిండో గుడ సూసిన." కొంగుతో మూతి తుడుచుకుంది. "వాడు ఏమన్నడు?"

"చెల్లె అన్నడు" అంది బాలి.

కమ్లి తిట్టలేదు, ఓదార్చలేదు. ఢావ్లోలో సగమే నేర్పాను, రెండో సగం మర్చిపోయాను అంది. ఏడిస్తే సరిపోదు, మెడ పట్టుకున్న ఆడపిల్లకు అడిగే హక్కుంది. ఏది అడిగినా అన్న మందిలో జవాబు చెప్పాలి. తప్పించుకోవడానికి లేదు. వాడు దారిలో అన్న మాటను మందిలో అడగమంది.

కళ్యాణి పెళ్ళి పెద్ద ఫంక్షన్ హాల్లో. పెళ్ళి చివర పెళ్ళికూతురు ఎద్దు మీద నిలబడి పుట్టింటిని దీవిస్తూ పాడే పాటను మా వైపు హవేలి అంటారు. పుష్పలత ఈవెంటు కుర్రాడికి "ఆఖరున హవేలి ఉంటది, స్టేజీ రెడీ జెయ్యి" అని చెప్పింది. అతనికి తెలిసిన హవేలి ఒకటే. ఖానాపురం హవేలిలో వాళ్ళింటి ఫొటో తీసి, స్టేజీ వెనక ఇంత పెద్ద ఫ్లెక్సీ కొట్టించాడు. మేడ మీద ఆరేసిన ఇంజనీరుగారి లుంగీతో సహా పడింది. హైదరాబాదు పెద్దలంతా దాని ముందు నిలబడి ఫొటోలు దిగారు.

ఏడుపు వేళ వచ్చింది. కళ్యాణి తండ్రి మెడ పట్టుకుని దగ్గినట్టు ఏడ్చింది. తల్లి మెడ మీద ముక్కు చీదింది. అన్నదమ్ముల వంతుకి తమ్ముడు వీరబాబు మెడ పట్టుకుని, వాడు ఏదో అనడంతో ఫక్కున నవ్వింది. వీడియో అతను కెమెరా దించేశాడు. పుష్పలతకు కంగారు పుట్టింది. బాలి రెక్క పట్టుకుని ముందుకు తోసింది. నువ్వూ చెల్లెవే కదా, నువ్వు ఎత్తుకో, అక్క అందుకుంటుంది అంది.

బాలి వీరబాబు మెడ పట్టుకుంది. ఈసారి గట్టిగా పట్టుకుంది. మైకు నోటి దగ్గరే ఉంది.

"వీరా, ఓ వీరా" అని ఎత్తుకుంది. హాలు సద్దుమణిగింది. "ఆటో దిగిన కాడ నన్ను చెల్లె అంటివి. దారిల అన్న మాట దారిలనే పోతదనుకుంటివా? ఇప్పుడు మంది ముంగట అడుగుతున్న వీరా. చెల్లెనా, కాదా? కాకుంటే కాదని ఇక్కడ్నే చెప్పు. చెల్లెనే అంటవా, వచ్చే తీజ్‌కు తండాకు రా. అందరు సూడంగ నా కాళ్ళు కడుగు."

తీజ్ బుట్టలు వాగులో వదిలే రోజున అన్నదమ్ములు ఆడపిల్లల కాళ్ళు కడగడం మా దగ్గర రివాజు. పాట కొత్తగా ఉందేమిటని ఎవరో అడిగితే, "పాతదే, శాన పాతది" అని కమ్లి గట్టిగానే చెప్పింది.

ఇక్కడ బాలి మనసులో మాట దాచను. ఆమెకు ఆశ పుట్టింది. కాదంటాడేమో అనుకుంది. "చెల్లె కాదు" అని ఒక్క మాట అంటే చాలు, ఆ తర్వాత హాలు కూలిపోయినా, చేను పోయినా, ఏమైనా కానీ. అతని గుండె తన చెవి కింద దబదబా కొట్టుకోవడం వింటూ, అను, అను అని లోపల బతిమాలుకుంది. వీరబాబు తల్లి వంక చూశాడు. ఆమె చప్పున ఒప్పుకొమ్మని మురిపెంగా తల ఊపుతోంది. తండ్రి వంక చూశాడు. దస్రుకు వరసలన్నీ తెలుసు. బద్యా బిడ్డ తన కొడుక్కి ఏమవుతుందో ఆ హాల్లో ఆయనకన్నా బాగా తెలిసినవాడు లేడు. ఆయన గడియారం సరిచేసుకున్నాడు.

"చెల్లెవే" అన్నాడు వీరబాబు. "వస్త."

అని, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. అతని కన్నీళ్ళు బాలి మెడ మీద పడ్డాయి. హాలంతా చప్పట్లు. ఆడపిల్ల కన్నా అన్నే ఎక్కువ ఏడ్చాడు, ఈ కాలంలో ఇంత ప్రేమ ఎక్కడుంది అన్నారు. అతన్ని చూసి కళ్యాణికి నిజంగానే ఏడుపు వచ్చి, కంటి రంగంతా చెంపల మీదికి కారింది. వీడియో అతను పరుగెత్తుకొచ్చాడు. పుష్పలత బాలిని గుండెలకు హత్తుకుని, నీ చెయ్యి మంచిదంది. బాలి కంట్లో చుక్క లేదు. ఆ రోజు ఆమె మటన్ ముట్టలేదు.

శ్రావణం వచ్చింది. బుట్టలు వదిలే రోజు పొద్దున్నే బాలి చేను చూసొస్తానని బయల్దేరింది. రాత్రంతా వాన. ఇంజనీరుగారి నల్లరేగడి చేను పాయసంలా ఉంది. ఈ మూల నుంచి ఆ మూలకి, ఆ మూల నుంచి ఈ మూలకి నడిచింది. అడుగు వేస్తే పిక్కల దాకా దిగే చోట్లు చూసి మరీ నడిచింది. తిరిగొచ్చేసరికి రెండు కాళ్ళకూ మోకాళ్ళ దాకా బురద బూట్లు. తల్లి లబోదిబోమంది, జల్దీ కడుక్కోమని బిందె తెచ్చింది. కడిగేటోడు వస్తున్నాడు కదా, నీకెందుకు అని కమ్లి బిందె లాక్కుంది.

వీరబాబు వచ్చాడు. మళ్ళీ తెల్ల బూట్లే. తండా నడిమధ్య పీట వేసి బాలిని కూర్చోబెట్టారు. అతను గొంతుక్కూర్చుని, ఇత్తడి పళ్ళెంలో ఆమె కాలు పెట్టుకుని కడగడం మొదలుపెట్టాడు. నల్లరేగడి అంత సులువుగా వదిలేది కాదు. గోళ్ళ సందుల్లో, మడమ పగుళ్ళలో, పట్టీ కింద, ఎక్కడ పడితే అక్కడ పట్టుకుంది. నీళ్ళు మార్చారు, మళ్ళీ మార్చారు. ఇంజనీరు కొడుకై ఉండి ఎంత ఓపికగా కడుగుతున్నాడని ఆడవాళ్ళు మెచ్చుకున్నారు. అతను తల ఎత్తలేదు. పాదాన్ని అప్పటి శనగల రోజు మోచేయి పట్టుకున్నట్టే, భద్రంగా పట్టుకున్నాడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"బాలీ" అన్నాడు, ఆమెకు మాత్రమే వినబడేట్టు.

"ఇంకో కాలున్నది వీరా" అంది బాలి, అందరికీ వినబడేట్టు. తండావాళ్ళు విన్నది అన్నను పిలిచే పిలుపు. అతను ఏది విన్నాడో అతనికే తెలియాలి. రెండో కాలు కూడా కడిగాడు.

అతని కారు వాగు మీది కల్వర్టు దాటి, టేకు చెట్ల మలుపు తిరిగి, హారను కూడా వినబడకుండా పోయేదాకా బాలి నవ్వు ముఖంతోనే నిలబడింది. ఆ తర్వాత పిల్లలంతా బుట్టలు నెత్తిన పెట్టుకుని వాగుకి నడిచారు. నారు నీళ్ళలో వదిలేటప్పుడు పిల్లలు ఒకరినొకరు పట్టుకుని ఏడవడం మామూలే. బాలి ఉంది కదా, ఈసారి ఇక చూడాలి అని ముసలమ్మలంతా గట్టు మీద సర్దుకుని కూర్చున్నారు.

బాలి బుట్ట వదిలింది. పచ్చటి నారు నీళ్ళలో తిరుగుతూ పోయింది. ఆమె నోరు తెరిచింది, రాగం రాలేదు, మాట రాలేదు. కడిగిన కాళ్ళతో, వాగు నీళ్ళ అంచున, మళ్ళీ బురదలోనే చతికిలబడి, ముక్కు కారుతుంటే, వెక్కిళ్ళు ఆగక, దెబ్బ తగిలిన చిన్నపిల్లలు ఏడ్చినట్టు ఏడ్చింది. వరస లేదు, వీరా లేదు. తోటి పిల్లలు భయపడి పాట ఆపేశారు.

"ఇదేం ఏడ్పే కమ్లీ, అంత పేరున్న పిల్ల ఇయ్యాల ఇట్ల చెడగొట్టింది?" అంది పక్కన కూర్చున్న ముసలమ్మ.

"ఇయ్యాల్నే సక్కగ ఏడుస్తుంది" అని కమ్లి లేచి, చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని, మనవరాలి కోసం నీళ్ళలోకి దిగింది.